అమ్మకానికి లేని కంటె

పండగ కానుకల పెట్టెల్లో బస్తర్ అందాలకు చోటు దొరుకుతోంది. ఉసూర్ సంతలో ఒక పూట గడిపితే ఏది కొనాలో, ఏది కొనకూడదో తెలిసొస్తుంది

"అవ్వా, ఈ కంటె ఇస్తావా? ఎంతైనా ఇస్తాను."

హైదరాబాద్ నుంచి మాతో వచ్చిన మిత్రురాలి మాటకు ఆ ముసలామె నవ్వింది. ఆమె ముందు గంపలో చింతపండు ముద్దలు. మెడలో చిటికెన వేలంత లావున్న వెండి కంటె. చెవుల అంచుల వెంట వరుసగా పోగులు, ముక్కుకు రెండు వైపులా పుడకలు, ముంజేతుల నిండా వెలిసిన పచ్చబొట్లు. కాసేపాగి తెలుగులోనే జవాబిచ్చింది: "ఒక్కసారి అమ్మిన బిడ్డా. మల్ల అమ్మ."

మా మిత్రురాలికి బట్టలన్నా, నగలన్నా పిచ్చి. ఏ చీరకు ఏ కమ్మలు నప్పుతాయో ఇట్టే చెప్పేస్తుంది. చెల్లెలికి పండగ కానుకగా ఎవరి దగ్గరా లేని వస్తువు ఇవ్వాలన్నది ఆమె పట్టుదల. ఇలాంటి కంటెనే అంతకుముందు ఓ మహానగరంలోని ఖరీదైన దుకాణంలో, మఖమల్ గుడ్డ మీద, అద్దాల పెట్టెలో చూసింది. పక్కన చీటీ మీద 'పాతకాలపు గిరిజన వెండి' అని మాత్రమే ఉంది. అది ఎవరి మెడలోది, ఏ ఊరిది, ఎందుకు అమ్మారు అన్న సంగతి లేదు. ఆ సంగతి ఆమెకు ఉసూర్ సంతలో తెలిసింది.

తెలుగు వినిపించే బస్తర్

ఉసూర్ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఓ బ్లాకు కేంద్రం. బస్తర్ అనగానే జగదల్‌పూర్ రాచనగరు, చిత్రకూట్ జలపాతం గుర్తొచ్చే పర్యాటకులకు ఈ పేరు కొత్త. కానీ గోదావరి తీరంలోని తెలుగువారికి ఇది పొరుగూరే. దక్షిణాన కర్రెగుట్టలు అడ్డుగోడలా నిలబడతాయి. అవతల ములుగు జిల్లా. ఉసూర్ బ్లాకులోని బాసగూడ పక్కగా పారే తాలిపేరు చర్ల దగ్గర ప్రాజెక్టు నింపి గోదావరిలో కలుస్తుంది. ఆవపల్లి, బాసగూడ, పామేడు... ఊళ్ల పేర్లు చూస్తే రాష్ట్రం దాటామంటే నమ్మబుద్ధి కాదు. ఇక్కడి దొర్లలు మాట్లాడే దొర్లీలో గోండి, కోయ మాటలతోపాటు తెలుగూ కలిసిపోయింది. సంతలో బేరానికి హిందీ రాకపోయినా ఇబ్బంది లేదు.

ఈ బంధుత్వం ఈనాటిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని ఇక్కడి సంప్రదాయం చెబుతుంది. ఆయన వెంట వచ్చిన దంతేశ్వరి దేవి తన వస్త్రాన్ని కానుకగా ఇచ్చిందని, అది పరుచుకున్నంత మేరా ఆయన రాజ్యమైందని, ఆ 'వస్త్ర'మే బస్తర్ అయిందని ఒక కథ. వెదురు పొదల నీడన పుట్టిన పేరనే వాదన కూడా ఉంది. చరిత్రకారులు ఏది ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా, ఓ గుడ్డ కానుకతో మొదలైన రాజ్యమనే కథ చెప్పుకునే నేల ఇది. కట్టు, బొట్టు, కానుక అంటే ఇక్కడివారికి ఎందుకంత పట్టింపో ఆ కథ చెప్పకనే చెబుతుంది.

సంతే వారి సింగారానికి వేదిక

బస్తర్‌లో సంత అంటే కొనుగోళ్లు, అమ్మకాలు మాత్రమే కాదు. బంధువుల పలకరింపులు, పెళ్లి సంబంధాల కబుర్లు, కోడిపందేలు, జీలుగు కల్లు, ఎర్రచీమల పచ్చడి అన్నీ అక్కడే. తెల్లవారకముందే అడవి దారుల్లో బయల్దేరి, నెత్తిన గంపతో నడిచి వచ్చేవారికి ఇది వారానికోసారి వచ్చే చిన్న పండగ. అందుకే ఉన్నవాటిలో మంచివే కట్టుకుని వస్తారు.

మేం వెళ్లింది చలికాలం చివర. చింతపండు దిగుతున్న రోజులు. కుప్పలు పోసిన ఎండుమిర్చి, చేపలు, కుండలు, పక్కనే చైనా బొమ్మలు, ఫోన్ కవర్లు. వయసు మళ్లిన స్త్రీలు మోకాళ్ల దాకా చీర బిగించి, కొప్పును ఒక పక్కకు తిప్పి ముడేశారు. కొప్పులో పిన్నులు, దువ్వెన, అడవి పూలు. మెడలో రంగురంగుల పూసల పేర్లు వరుసలు వరుసలు. వాటిపైన ఒక్కటే కంటె. నగరాల్లో అలంకార నిపుణులు డబ్బు తీసుకుని చెప్పే సూత్రం ఇక్కడ ఎవరూ చెప్పకుండానే అమలవుతోంది: చిన్న రంగులు ఎన్నైనా ఉండొచ్చు, పెద్ద నగ మాత్రం ఒక్కటే ఉండాలి.

అమ్మాయిల తీరు వేరు. నైలాన్ చీర లేదా సల్వార్, తలకు మెరుపుల క్లిప్పులు, చేతిలో ఫోన్. కుర్రాళ్లు జీన్స్ వేసి జుట్టుకు రాగి రంగు పట్టించారు. గిరిజనులంటే ఈకలు, గవ్వలే అనుకుని వచ్చే పర్యాటకుడికి కాస్త నిరాశ తప్పదు. కానీ అవి కూడా వారు ఎంచుకున్నవే. అవ్వ మెడలో కంటె ఎంత సొంత సింగారమో, మనవరాలి చెవికి వేలాడే ప్లాస్టిక్ కమ్మ కూడా అంతే. గవ్వల కుచ్చులు, ఈకలతో కూడిన అడవిదున్న కొమ్ముల తలపాగా మరియాలది. దాన్ని నాట్యాలకు, ఉత్సవాలకే తీస్తారు. అదీ తాతల నాటిదే. అడవిదున్నకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి కొత్త కొమ్ములు కొనడం కుదరదు. ఎంత డబ్బున్నా బజారులో దొరకని వస్తువును విలాసం అనాలంటే, ఇంతకు మించిన విలాసవస్తువు ఏముంటుంది?

కానుకలో ఇచ్చినవారి చేయి

కానుకకు సొంత చేతి గుర్తు ఉండాలన్నది ఇప్పుడు ఖరీదైన బ్రాండ్లు చెబుతున్న మాట. తోలుసంచి మీద పేరు తొలిచి ఇస్తారు, సీసా మీద అక్షరాలు చెక్కి ఇస్తారు. బస్తర్‌లో ఇది పాత ఆచారం. ఉసూర్‌కు ఉత్తరాన, కొండగావ్, నారాయణ్‌పూర్ ప్రాంతపు మురియాల జీవితం మీద వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన గ్రంథంలో దువ్వెనల ముచ్చట ఉంటుంది. ఘోటుల్‌లో యువకుడు తనకు నచ్చిన యువతికి కర్రతో దువ్వెన చెక్కి ఇస్తాడు. పళ్ల పైభాగంలో గీతలు, త్రికోణాలు, చక్రాలు. ఆ అమ్మాయి దాన్ని కొప్పులో దోపుకుంటే ఊరికంతా కబురు అందినట్లే. దువ్వెన ఖరీదు ఏమీ లేదు. చెక్కడానికి పట్టిన రోజులే దాని విలువ.

వెండి విషయం కాస్త వేరు. అది ముచ్చటా, దాపూ రెండూ. మన అమ్మమ్మల కాసులపేరుకు ఇక్కడి రూపాయల పేరు అక్కచెల్లెలు లాంటిది. విక్టోరియా రాణి, అయిదో జార్జి బొమ్మలున్న వెండి రూపాయలకు కొక్కేలు అతికించి దారానికి గుచ్చి మెడలో వేసుకునేవారు. ఆ రూపాయి బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. అందులో దాదాపు 92 శాతం వెండి. రెండో ప్రపంచ యుద్ధం ధాటికి 1940లో వెండిని సగానికి తగ్గించారు. 1947 నాటికి రూపాయిలో వెండే లేకుండా పోయింది. 20 రూపాయల పేరంటే 20 తులాలు మెడలో ఉన్నట్లు. బ్యాంకు లేని అడవిలో ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు అమ్మిన డబ్బు నిలవ ఉండే చోటు ఆడవారి మెడే. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వెళ్లే కానుకా అదే.

చెడ్డ ఏడు అమ్మిన వెండి

దాపు అంటే కష్టకాలంలో తీసేదే కదా. ఉసూర్ ప్రాంతానికి ఆ కష్టకాలం 2005లో వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు, ప్రభుత్వం ఆయుధాలిచ్చిన ఆ దండుకు మధ్య ఊళ్లు నలిగిపోయాయి. ఇళ్లు తగలబడ్డాయి. ఒకప్పుడు పెద్ద సంతకు పేరుపడ్డ బాసగూడ ఖాళీ అయింది. కొందరు శిబిరాలకు చేరితే, వేలాదిమంది అడవి దాటి అప్పటి ఖమ్మం జిల్లాలోని చర్ల, భద్రాచలం వైపు వచ్చేశారు. గుత్తికోయలని మనం పిలుస్తున్న వలస కుటుంబాల్లో చాలామంది కథ ఇదే. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

చింతపండు అవ్వ కూడా ఆ దారినే వెళ్లింది. కట్టుబట్టలతో గోదావరి వైపు చేరిన మొదటి వానాకాలం మెడలోని కంటె తీసి అమ్మేసింది. "అది మా అత్త పెట్టింది. బియ్యానికి ఇచ్చేసిన," అంది. తూకం ఎంతో, ధర ఎంతో ఆమెకు గుర్తులేదు. కొన్నవాడు కాటా కూడా చూపించలేదన్నది మాత్రం గుర్తుంది. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి పాత చోటనే గుడిసె వేసుకున్నారు.

మరి ఈ కంటె? "ఇది నా బిడ్డ తెచ్చింది. మిరపకాయ కోసి," అంది గర్వంగా.

ఏటా జనవరి దాటాక బీజాపూర్, సుక్మా పల్లెల నుంచి కూలీలు బృందాలుగా తెలంగాణ మిర్చి చేలకు వెళతారు. ఎర్రటి ఎండలో, చేతులు మండుతుండగా కాయలు కోస్తారు. కొందరు కూలిని డబ్బుగా, మరికొందరు మిర్చిగానే తెచ్చుకుంటారు. ఆ మిర్చే ఇక్కడి సంతలో కుప్పలుగా కనిపించేది. కరోనా లాక్‌డౌన్ సమయంలో, 2020 ఏప్రిల్‌లో, మిర్చి చేల నుంచి కాలినడకన ఇంటికి బయల్దేరిన ఈ జిల్లా బాలిక ఒకరు ఊరు చేరకుండానే కన్నుమూశారు. అలాంటి పనికి మూడేళ్లు వరుసగా వెళ్లి కూతురు కూడబెట్టిన డబ్బుతో తల్లి మెడకు కంటె చేయించింది. మా మిత్రురాలు 'ఎంతైనా ఇస్తాను' అని అడిగింది ఆ కంటెనే.

ఆమె ఇంకేం మాట్లాడలేదు. అద్దాల పెట్టెలో తాను చూసిన కంటె కూడా ఎవరో ఒక చెడ్డ ఏడు అమ్ముకున్నదేనేమో అన్న ఆలోచన ఆమెను చాలాసేపు వదల్లేదు. పాత గిరిజన వెండికి ఉన్న చిక్కే ఇది. అది తయారైన చోటు నుంచి నేరుగా దుకాణానికి రాదు. ఎవరో ఒకరి మెడ దిగి రావాలి. 2025లో కిలో వెండి ధర లక్షన్నర రూపాయలు దాటిన తర్వాత కరిగించే కొలిమి కూడా అలాంటి నగల కోసం కాచుకుని ఉంది. అయిదు తరాల పనితనం తూకానికి లొంగితే, మిగిలేది ఓ వెండి ముద్దే.

అందుకని బస్తర్ అందాన్ని కానుకగా ఇవ్వకూడదని కాదు. పాతది వారి మెడలో ఉండనిచ్చి, కొత్తది చేసేవారి చేతి నుంచి తీసుకుంటే చాలు. అలాంటి చేతులకు ఇక్కడ కొదవ లేదు.

కొనదగినవి ఇవీ

మొదట చెప్పుకోవాల్సింది డోక్రా. కొండగావ్ పరిసరాల ఘడ్వాలు బంకమట్టి అచ్చు మీద తేనె మైనపు దారాలు చుట్టి రూపం దిద్దుతారు. పైన మళ్లీ మట్టి పూసి, కొలిమిలో కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఆరాక మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. ఒకప్పుడు వీరు చేసింది ఊరివారి కడియాలు, గజ్జెలు, దేవతల మూర్తులు. కొండగావ్‌కు చెందిన జైదేవ్ బఘేల్ వంటి శిల్పులు దాన్ని ప్రపంచ ప్రదర్శనశాలల దాకా తీసుకెళ్లారు. 2022 జూన్‌లో జర్మనీలో జరిగిన జీ-7 సదస్సు సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ దక్షిణాఫ్రికా అధ్యక్షుడు సిరిల్ రామఫోసాకు ఇచ్చింది కూడా రామాయణ ఇతివృత్తంతో చేసిన ఛత్తీస్‌గఢ్ డోక్రానే. దేశాధినేతల కానుక కదా అని బెదరక్కర్లేదు. డోక్రా లాకెట్టు, గాజు, చిన్న గంట మధ్యతరగతికి అందుబాటులోనే ఉంటాయి. సాదా నూలు చీర మీద ఒక్క డోక్రా లాకెట్టు వేసుకుంటే మరో నగ అక్కర్లేదు. అంత దూరం వెళ్లలేనివారికి మన కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా ఉషేగావ్‌లో వోజ్‌లు చేసే డోక్రా ఉంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

రెండోది గుడ్డ. జగదల్‌పూర్ నుంచి ఒడిశా సరిహద్దు దాటగానే కోట్‌పాడ్. అక్కడి మిర్గాన్ నేతగాళ్లు తొగరు జాతి చెట్టు వేళ్లతో నూలుకు రంగు అద్దుతారు. ఆముదం, పేడ, బూడిద వాడి, ఆరబెట్టి, మళ్లీ ముంచి వారాల తరబడి చేసే పని. ముదురు ఎరుపు నుంచి కాఫీ గోధుమ దాకా వచ్చే ఆ రంగుకు కృత్రిమ రంగులు సాటిరావు. అంచుల్లో పీత, చేప, శంఖం, గొడ్డలి. నిజానికి ఇది గిరిజన స్త్రీల కోసం నేసిన ముతక చీర. ఇప్పుడు ఫ్యాషన్ ప్రియుల బీరువాల్లోకి చేరింది. కోట్‌పాడ్ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వస్తే, అక్కడి నేత కళాకారుడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

మూడోది టస్సర్ పట్టు. బస్తర్ సాల వనాల్లో దొరికే రైలీ పట్టుకాయలను ఎవరూ పెంచరు. చెట్ల మీద తామే పెరుగుతాయి, గిరిజనులు ఏరుకొస్తారు. ఆ దారానికి సహజంగానే తేనె రంగు. రంగు అద్దకుండా నేసిన టస్సర్ శాలువా చలికాలపు కానుకగా పెద్దవారికి ఎంతో నప్పుతుంది. మన దగ్గర మహదేవపూర్ కూడా టస్సర్‌కు పేరున్న ఊరే.

నాలుగోది కర్ర పని. దువ్వెనల ఆచారం పల్చబడినా చెక్కే చేయి ఆగలేదు. నారాయణ్‌పూర్‌కు చెందిన మురియా శిల్పి పండీరామ్ మండావీకి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. కర్ర చెక్కడంతోపాటు గాలిలో ఊపితే మోగే వెదురు వేణువుకు ఆయన ప్రసిద్ధులు. సంగీతం ఇష్టపడే మిత్రులకు ఆ వేణువును మించిన వింత కానుక ఉండదు.

ఏది కొన్నా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది చేసిందెవరు? 2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ఇటలీ బ్రాండ్ ప్రాడా కొల్హాపురి చెప్పులను పోలిన జోళ్లు చూపించి, వాటి పుట్టుక చెప్పనందుకు భారత్‌లో గగ్గోలు పుట్టింది. చివరకు అవి భారతీయ చేతిపని స్ఫూర్తితో చేసినవేనని ఒప్పుకోక తప్పలేదు. ప్రాడాను నిలదీసిన మనం, మన ఇంటి డోక్రా బొమ్మ చేసిన మనిషి పేరు చెప్పగలమా? వస్తువుతోపాటు ఆ పేరు, ఊరు రాసిన చీటీ కూడా పెట్టెలో పెట్టి చూడండి. కానుక విలువ పెరుగుతుంది, ఖర్చు మాత్రం పెరగదు.

తెరుచుకుంటున్న దారి

ఉసూర్ మారుతోంది. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల్లో భద్రతా దళాలు 21 రోజులపాటు భారీ ఆపరేషన్ నిర్వహించాయి. రోడ్లు, సెల్‌టవర్లు, క్యాంపులు అడవి లోపలికి వెళుతున్నాయి. నంబి జలపాతం, నీలం సరాయి గురించి విన్న కుర్రకారు బైకుల మీద వస్తోంది. వారి వెనకే వ్యాపారులూ వస్తారు. పాత వెండికి, పాత దువ్వెనలకు ధర కట్టేవారు తప్పకుండా వస్తారు. వారు వచ్చేసరికి ఇక్కడివారికి అమ్మక తప్పని పరిస్థితి ఉండకూడదు. చింతపండుకు, ఇప్పపువ్వుకు, మిర్చి కూలికి సరైన ధర దొరికితే మెడలోని వెండి మెడలోనే ఉంటుంది. ఈ కంటెల భవితవ్యం తేలేది ప్రదర్శనశాలల్లో కాదు, ఆ కాటా దగ్గరే.

తిరుగు ప్రయాణానికి ముందు మా మిత్రురాలు అదే సంతలో పూసల దుకాణం ముందు కూర్చుని, పక్కనున్న అమ్మాయిలను అడిగి రంగులు ఎంచుకుని అయిదు పేర్లు గుచ్చించుకుంది. కొండగావ్‌లో ఆగి చెల్లెలి కోసం డోక్రా లాకెట్టు చేయించడానికి చెప్పి, అడ్వాన్స్ ఇచ్చింది. నెల రోజులు పడుతుందన్నారు. పండగ దాటిపోయినా ఫర్వాలేదంది.

వచ్చేముందు అవ్వ దగ్గర రెండు కిలోల చింతపండు కొంది, బేరమాడకుండా. అవ్వ తూకం అయ్యాక మరో ముద్ద పైన వేసి ఇచ్చింది. "మీ చెల్లెకు," అంది.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా 163వ నెంబరు జాతీయ రహదారి భోపాలపట్నం చేరుస్తుంది. అక్కడి నుంచి బీజాపూర్, ఆపై ఆవపల్లి మీదుగా ఉసూర్. జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చేవారు గీదం మీదుగా బీజాపూర్ చేరాలి. బస బీజాపూర్‌లో పెట్టుకోవడం మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. బయల్దేరేముందు దారి పరిస్థితిని, సంత రోజును బీజాపూర్‌లో కనుక్కోండి. గుట్టల వైపు స్థానికుల తోడు లేకుండా వెళ్లొద్దు. పాత మందుపాతరల ముప్పు ఉన్నందున నలిగిన దారి వదలొద్దు. ఫొటో తీసేముందు అనుమతి అడగండి. జగదల్‌పూర్‌లోని మానవశాస్త్ర మ్యూజియంలో బస్తర్ తెగల నగలు, దువ్వెనలు చూడొచ్చు. చేతిపనులకు ప్రభుత్వ శబరి ఎంపోరియం, ట్రైబ్స్ ఇండియా దుకాణాలు ఉన్నాయి. వీలుంటే కొండగావ్ వెళ్లి కళాకారుల ఇళ్ల వద్దే కొనడం ఉత్తమం.